సెలవు రోజు, పాత లారీ

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు ఈ వేదిక మీద డాక్టరు గారు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. అంతకు ముందేడు బ్యాంకు వారు వచ్చి డిపాజిట్ల గురించి చెప్పారు. ఈసారి “రిటైరయ్యాక కాలక్షేపం” అనే విషయం మీద నన్ను మాట్లాడమని కార్యదర్శి గారు పట్టుబట్టారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1978లో శ్రామిక్‌గా చేరి, 2012లో లీడింగ్ హ్యాండుగా రిటైరైనవాణ్ణి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు డిపోల్లోనూ పనిచేశాను కనుక మీలో సగం మందికి నా నోటికంటే నా చేతి పానాలే ఎక్కువ పరిచయం. నాకు తెలిసిన కాలక్షేపం ఒక్కటే, పాత బండ్లు బాగుచేయడం. దాని గురించే నాలుగు మాటలు చెబుతాను. తప్పులుంటే డ్రైవర్ సోదరులు ఎలాగూ వదలరు.

ఈ పిచ్చి రిటైరయ్యాక పట్టింది కాదు. 1983 ప్రాంతంలో సూర్యాపేటలో మా ఇంటి వెనక వీధిలో ఒక ముసలి మేస్త్రీ షెడ్డు ఉండేది. వీక్లీ ఆఫ్ రోజున ఇంట్లో తోచక అక్కడికి పోయి కూర్చునేవాణ్ణి. ఎక్కడో వేలంలో కొన్న పాత విల్లీస్ జీపు ఒకటి ఆయన దగ్గర విప్పి పడి ఉండేది. “ఊరికే కూసుంటవేంది, ఆ గుడ్డ తీస్కొని బోల్టులు తుడువు” అన్నాడు. అదే నా దీక్ష. ఆ జీపు నడవడానికి ఏడాదిన్నర పట్టింది. తర్వాత ఒక డాక్టరు గారి అంబాసిడర్, ఒక పంతులు గారి ఫియట్ పదకొండు వందలు, ఇలా వారానికో రోజు చొప్పున నా ఆఫ్‌లన్నీ అక్కడే గడిచాయి.

ఎవరైనా అడగవచ్చు, వారమంతా బస్సుల కింద పడుకుని వచ్చి సెలవు రోజున మళ్ళీ బండి కిందికే దూరడమేమిటని. మా ఆవిడ ముప్ఫై ఏళ్ళు అడిగింది. తేడా ఉన్నది. డిపోలో తెల్లవారుజామున మొదటి సర్వీసు గేటు దాటాలి. పంపు చెడితే పంపు దించి ఇంకో పంపు బిగించాలి, అంతే. అది ఎందుకు చెడిందో కూర్చుని చూసే తీరిక ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా; యాభై మంది ప్రయాణికులు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటారు. పాత బండి కోసం ఎవరూ నిలబడి ఉండరు. ఒక్క వాల్వును రుద్దుతూ పూట గడిపినా అడిగేవాడు లేడు. డిపోలో నేను చేసింది ఉద్యోగం. పని నేర్చుకున్నది మాత్రం ఆ షెడ్డులో అని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. “పాత కార్లు” అనగానే అందరికీ రాజులూ నవాబులే గుర్తుకొస్తారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే ఆరో నిజాం కాలంలో ఆర్డరు చేసిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. అది తన జీవితంలో తిరిగింది నాలుగు వందల మైళ్ళ లోపే. మన కోదాడ లారీ రాత్రికి రాత్రి అంత తిరిగేది! మన సంస్థ సంగతి మీకు తెలిసిందే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని మన సంస్థ జాగ్రత్త చేసింది, సంతోషం. నవాబు గారి కారు మిగిలింది, సర్కారు బస్సు మిగిలింది. మరి ఈ మూడు ఊళ్ళకు అన్నం పెట్టిన లారీ ఏదీ?

మన ప్రాంతం కథ చెప్పాలంటే లారీని చెప్పకుండా కుదరదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ, అంటే లాల్ బహదూర్ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి వచ్చింది. వరి వచ్చాక మిల్లులు వచ్చాయి. ఆ తర్వాత సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. వడ్లు మిల్లుకు పోవాలన్నా, బియ్యం మద్రాసుకో బొంబాయికో పోవాలన్నా, సిమెంటు బస్తా ఊరు దాటాలన్నా లారీయే దిక్కు. పైగా హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బాట సూర్యాపేట మీదుగా, కోదాడ మీదుగా పోతుంది. మనం తొమ్మిదో నంబరు రోడ్డు అనేవాళ్ళం, 2010 తర్వాత దానికి అరవై అయిదు అని పేరు మార్చారు. రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఇంటిల్లిపాది, మేకపోతుతో సహా, లారీలో నిలబడి పోయినవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. చూశారా!

ఆ లారీలన్నీ తుక్కుకు పోయాయి. కారు పాతబడితే ఎవరో ఒకరు ముచ్చటపడి దాస్తారు. లారీని ఎవరు దాస్తారు? దాన్ని పెట్టడానికి చోటు కావాలి, తిరగకపోతే అది నష్టం. టైర్లు ఒకడు, ఇంజను ఒకడు, ఛాసిస్ ఇనుము లెక్కన ఇంకొకడు పట్టుకుపోతారు. నేను సర్వీసులో చేరేనాటికే టాటా మెర్సిడెస్ మూడు వందల పన్నెండు పాతదైపోతున్నది. 1954లో జంషెడ్‌పూర్‌లో జర్మనీ వారితో కలిసి మొదలుపెట్టి, పదిహేనేళ్ళ ఒప్పందం 1969లో ముగిశాక నక్షత్రం గుర్తు తీసి టాటా వారు తమ గుర్తు పెట్టుకున్నారు. ఆ నక్షత్రం ఉన్న బండి మన జిల్లాలో ఈనాడు నాకు ఒక్కటి కూడా కనబడలేదు. వెతికాను కనుక చెబుతున్నాను.

2018లో ఒక పెళ్ళికి కోదాడ పోయినప్పుడు, ఊరి చివర ఒక ఇంటి పెరట్లో వేపచెట్టు కింద ముక్కు పొడుగు లారీ ఒకటి కనబడింది. భోజనం కూడా వదిలేసి గోడ దూకినంత పని చేశాను. ఫార్గో! బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ వారు అమెరికా క్రైస్లర్ లైసెన్సు మీద తయారుచేసిన బండి. ఒకే లారీని డాడ్జ్ అని, డిసోటో అని, ఫార్గో అని మూడు పేర్లతో అమ్మేవారు. బానెట్ ఎత్తి చూస్తే లోపల మద్రాసు సింప్సన్ వారి పెర్కిన్స్ పి-6 ఇంజను ఉంది. ఆరు సిలిండర్లు, మూడున్నర అంగుళాల బోరు, అయిదు అంగుళాల స్ట్రోకు. మీదంతా వేపాకు, లోపల తేళ్ళు. తేళ్ళు అని మాటవరసకు అనడం లేదు.

ఆ ఇంటి పెద్దాయనకు అప్పటికే ఎనభై ఆరేళ్ళు. 1971లో ఆ లారీని సెకండ్ హ్యాండులో కొని, తానే డ్రైవరుగా మొదట కాలువ పనులకు రాయి తోలి, తర్వాత ఇరవై ఏళ్ళ పైన మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలాడు. 1994లో కొత్త బండి కొన్నాక దీన్ని చెట్టు కింద పెట్టాడు. అమ్మనియ్యలేదు. కొడుకులకేమో ఇంటి జాగా పంచుకోవాలి, లారీ సరిగ్గా గెట్టు మీద ఉంది. తుక్కువాడు వచ్చి బేరం కూడా ఆడి పోయాడు. వాళ్ళనేమీ తప్పుపట్టను, ఆ చోటు వాళ్ళకు అవసరం. “తుక్కువాడిచ్చే డబ్బే నేనిస్తాను, నాకియ్యండి” అన్నాను. పెద్దాయన నన్ను మంచం దగ్గరికి పిలిచి, “పైసలు వాండ్లకియ్యి తమ్మీ. నాకైతే దాని సప్పుడు ఒక్కపారి ఇనిపియ్యి” అన్నాడు.

మాట ఇచ్చేశాను. ఇంటికొచ్చాక గుండె దడ మొదలైంది. మన పింఛను సంగతి ఈ సభలో నేను చెప్పనక్కరలేదు. 2014లో ఈపీఎస్ కనీస పింఛను వెయ్యి రూపాయలని ప్రకటించినప్పుడు మనం నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగి ఇళ్ళకు పోయాం గదా. మా ఆవిడ, “ఏమయ్యా, మందుల షాపులో బాకీ ఉంది, నీకు లారీ కావాల్సొచ్చిందా?” అన్నది. న్యాయమైన మాట. అందుకని ఒక్కణ్ణే మోయలేక ముగ్గురిని కలుపుకున్నాను. మిర్యాలగూడ డిపోలో చేసిన మన ఎలక్ట్రీషియన్ భాయి, కోదాడలో కొలిమి దగ్గర చేసిన తమ్ముడు, ఇరవై ఏడేళ్ళు యాక్సిడెంటు లేకుండా తిప్పిన మన డ్రైవరన్న. ముగ్గురూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పొద్దన్నారు. నెలకు తలా ఇంత అని వేసుకున్నాం. మిర్యాలగూడలో ఒక మిల్లు యజమాని తన యార్డులో ఒక మూల ఇచ్చాడు. చిన్నప్పుడు తండ్రితో పాటు ఆ లారీలోంచి బస్తాలు దిగడం చూసినవాడట. లారీని ట్రైలరు మీదికెక్కించి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా తీసుకుపోయాం. ప్రతి ఆదివారం అక్కడ కలిసేవాళ్ళం.

ఇంజను పూర్తిగా పట్టేసింది. ఇరవై నాలుగేళ్ళు నిలబడ్డ ఇంజను అంటే రింగులు, సిలిండరు గోడలు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. దీనికి మందు ఓపిక. నాజిల్‌లు తీసి, ఆ రంధ్రాల్లోంచి డీజిల్, కిరసనాయిలు కలిపి పోసి వారాల తరబడి వదిలేయాలి. వచ్చినప్పుడల్లా ఫ్లైవీలును ఇటు వీసమెత్తు, అటు వీసమెత్తు కదిలించి చూడాలి. ఎక్కడా బలం వాడకూడదు. ఇది నేను నా చేతికింద పనిచేసిన పిల్లలందరికీ చెప్పిన పాఠమే.

ఆ పాఠం నేనే తప్పాను. ఏడో వారం వచ్చింది. అయిదు పిస్టన్లు కదిలినట్టున్నాయి, నాలుగోది కదలలేదు. పెద్దాయనకు ఒంట్లో బాగాలేదని ఆ ఉదయమే కబురొచ్చింది. నాకు తొందర పుట్టింది. హెడ్డు దించి, చెక్క పెట్టి, సుత్తితో కొట్టాను. కొలిమి తమ్ముడు “వద్దన్నా, ఇంకో వారం ఆగుదాం” అంటూనే ఉన్నాడు. పిస్టన్ అయితే కదిలింది గాని, రింగు గాడి అంచు విరిగి, సిలిండరు గోడ మీద గోరు దిగేటంత గీత పడింది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో అంత సిగ్గుపడ్డ రోజు లేదు. ఆ రోజు ఎవరూ ఒక్క మాట అనలేదు, అదింకా కష్టం. ఆ ఒక్క దెబ్బకు మాకు ఎనిమిది నెలలు పోయాయి. పాత స్టాకు పిస్టన్ కోసం విజయవాడ ఆటోనగర్ గల్లీ గల్లీ తిరిగాను. ఒక దుకాణంలో పైఅటక మీద గ్రీజు కాగితంలో చుట్టినది దొరికింది. దుకాణదారు కుర్రవాడికి అదేమిటో తెలియదు. తాతగారు పిలిస్తే వచ్చి, చేత్తో తడిమి, “ఇంకా తిప్పుతున్నారా దీన్ని!” అని సగం ధరకే ఇచ్చాడు.

మిగతా పని త్వరగా చెబుతాను. పంపు, నాజిల్‌లు మన చేతిలో పని కాదు, పంపు మేస్త్రీకే ఇచ్చాం. కమాన్ల పట్టీలు వంగిపోతే తమ్ముడు ఒక్కొక్క పట్టీ కాల్చి, వంపు తెచ్చి, నూనెలో చల్లార్చాడు. ఆ పని చేయగలవాళ్ళు ఇక ఎంతమంది మిగిలారో మీరే ఆలోచించండి. ఇప్పుడంతా కొత్త పట్టీ కొని వేయడమే. వైరింగు మొత్తం భాయి కొత్తగా లాగాడు. చూపు తగ్గింది కనుక ఏ వైరు ఏ రంగో మనవరాలు చెబితే ఈయన కలిపేవాడు. ఆ పిల్ల ఇప్పుడు ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పని ఆగింది. ఏడాది పాటు మిల్లు గేటు తొక్కలేదు. మళ్ళీ కలిసినప్పుడు నలుగురం ఉన్నాం, అదే మహాభాగ్యం అనుకున్నాం.

2021 డిసెంబరులో ఒక ఆదివారం పెద్దాయనను మనవడు కారులో కోదాడ నుంచి తీసుకొచ్చాడు. కుర్చీ వేసి బానెట్ పక్కనే కూర్చోబెట్టాం. గాలి తీసి సెల్ఫ్ కొట్టాం. తెల్లటి పొగ, దగ్గు, మళ్ళీ నిశ్శబ్దం. మూడోసారి పట్టుకుంది. ముందు రెండు సిలిండర్లు, తర్వాత నాలుగు, చివరికి ఆరూ. మిల్లు హమాలీలు పని ఆపి వచ్చారు. నేను పెద్దాయన మొహం వంక చూస్తున్నాను, కంటతడి పెడతాడేమోనని. ఆయన తల పక్కకు వంచి కాసేపు విని, “మూడో నాజిల్ కారుతున్నది తమ్మీ, జర సూడు” అన్నాడు. మా డ్రైవరన్న పడీ పడీ నవ్వాడు. విప్పి చూశాం. మూడోది కాదు, అయిదోది. కారుతున్న మాట మాత్రం నిజం! చెవులు సరిగా వినబడని మనిషి.

ఆయన 2023లో కాలం చేశాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది గాని, మీకు చెప్పవలసిన చిక్కు ఇంకొకటి ఉంది. బండి నడుస్తుంది, కాని రోడ్డెక్కలేదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము ఇరవై వేలు, గడువు పదేళ్ళు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో తప్ప రోజువారీ తిప్పరాదు. మంచి నిబంధనే. కాని అది సొంతానికి వాడుకున్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు మాత్రమే. మనది ఆరు చక్రాలది, బాడుగకు తిరిగినది. నవాబు గారి కారుకు చట్టంలో చోటుంది, వడ్లు తోలిన లారీకి లేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉందని నేననను. నిబంధన రాసేటప్పుడు లారీని దాచుకునే పిచ్చివాళ్ళు ఉంటారని వారికి తోచి ఉండదు. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు కూడా రద్దవుతున్నాయి. పొగకు సంబంధించి అది సరైనదే, మా పి-6 వదిలే పొగ చూస్తే నేనే ఒప్పుకుంటాను. అయినా వందల్లో ఒక్కటి, జిల్లాకు ఒక్కటి ఆనవాలుగా ఉంచవచ్చు గదా. మన సంఘం తరఫున ఒక విజ్ఞప్తి పంపాలని కార్యవర్గానికి కాగితం రాసి ఇచ్చాను. ఈ రోజు తీర్మానాల్లో అది అయిదోది. చదివి సంతకం పెట్టండి.

ఈ పనిలోకి రావాలనుకునే సోదరులకు ఒకటి రెండు జాగ్రత్తలు. జాకీని నమ్మి బండి కిందికి పోవద్దు, దిమ్మలు పెట్టండి. ఒంటరిగా అసలే వద్దు. మన వయసులో కింద పడుకుని లేవడానికైనా ఇంకొకరి చెయ్యి కావాలి. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. మా తరం మెకానిక్కులందరం డ్రమ్ము విప్పి గాలి కొట్టి దులిపినవాళ్ళమే. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ళకు గాని బయటపడదు. గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి. ఇక ఖర్చు. నాలుగేళ్ళలో నలుగురికీ కలిపి లక్షా ఎనభై వేలయింది. మా ఆవిడకు లక్ష అని చెప్పాను. ఆమె మూడో వరుసలో కూర్చుని ఉన్నదని ఇప్పుడే చూశాను.

లారీ ఈనాటికీ మిర్యాలగూడ మిల్లు యార్డులోనే ఉంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఒకసారి స్టార్టు చేసి, యార్డులో రెండు చుట్లు తిప్పి పెడతాం. డబుల్ క్లచ్ తొక్కి గేరు వేయడం మా డ్రైవరన్న ఇద్దరు కుర్రవాళ్ళకు నేర్పుతున్నాడు. ఇంకా స్టీరింగులో ఆట ఉంది, బాడీకి టేకు పలకలు వేయాలి, వెనక చక్రాల బ్రేకు రబ్బర్లు దొరకలేదు. మీ ఇంటి అటక మీద పాత ఫార్గో, డాడ్జ్ సామాను గాని, పి-6 పుస్తకం గాని, చివరికి ఆ కాలపు లారీ ముందు నిలబడి దిగిన ఫోటో గాని ఉంటే తుక్కువాడికి వేయకుండా నాకో కబురు చేయండి. బస్సు దిగితే మిల్లు దాకా ఆటోలో వచ్చేయవచ్చు, టీ ఖర్చు మాది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. సెలవు.